మోటార్‌హోమ్‌లో మెసరేటర్ పంపు మొరాయిస్తే ఏం చేయాలి?

డంప్ స్టేషన్‌లో, అంటే బండి మురుగు ఖాళీ చేసే చోట, హోస్ తగిలించారు, వాల్వ్ లాగారు, స్విచ్ నొక్కారు. మురుగుని నలగగొట్టి హోస్‌లోకి తోసే మెసరేటర్ పంపు పనిచేయలేదు. ముందు స్విచ్ ఆపేయండి. "ఇంకోసారి చూద్దాం" అంటూ నొక్కుతూ ఉంటే ఇరుక్కున్న మోటారు వేడెక్కి కాలిపోతుంది. పది నిమిషాల్లో తీసేయగలిగిన అడ్డంకి కాస్తా కొత్త పంపు ఖర్చుకు వస్తుంది. స్విచ్ ఆపాక ట్యాంక్ గేట్ వాల్వ్ మూసేయండి. తర్వాత, నొక్కిన ఆ క్షణంలో ఏం వినిపించిందో గుర్తు తెచ్చుకోండి. అసలు చప్పుడే లేదా? గుయ్‌మని మూలిగి ఆగిపోయిందా? మామూలుగానే తిరుగుతూ ఏమీ బయటికి తోయలేదా? కారణాలు మూడింటికీ మూడు రకాలు. ఇది తేల్చుకోకుండా రెంచి పట్టుకుంటే పనికంటే కంపే ఎక్కువ మిగులుతుంది.

అమెరికాలో ఆర్‌వీ (మోటార్‌హోమ్ లాంటి ఇల్లు-బండి) కొనుక్కున్న మనవాళ్లు, వేసవి సెలవుల్లో అద్దెకు తీసుకుని పిల్లలతో నేషనల్ పార్కులు తిరిగేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అద్దె బండ్లలో చాలావాటికి ఈ పంపు ఉండదు. 3 అంగుళాల లావుపాటి హోస్ పెడితే మురుగు దానంతట అదే పల్లానికి పోతుంది. బస్సంత పెద్ద క్లాస్-ఎ మోటార్‌హోముల్లో, యజమానులు తర్వాత బిగించుకున్న బండ్లలో మాత్రం మెసరేటర్ పంపు కనిపిస్తుంది. మీ బండిలో ఏది ఉందో డంప్ చేసే రోజు కాకుండా, బయల్దేరే ముందే చూసుకోండి.

లోపల ఏముంది

బండి కింద రెండు మురుగు ట్యాంకులు ఉంటాయి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్. సింకు, షవర్ నీళ్లది గ్రే ట్యాంక్. రెండింటికీ చెరో గేట్ వాల్వ్ ఉంటుంది, ఆ రెండు దారులూ కలిసే చోట పంపు. పంపులో ముందు ఒక స్టీలు కట్టర్ ఉంటుంది, మిక్సీ జార్ అడుగున ఉండే బ్లేడు లాంటిదే. దాని వెనక రబ్బరు రెక్కల ఇంపెల్లర్, ఆ వెనక 12 వోల్టుల మోటారు. కట్టర్ నలగగొట్టినదాన్ని ఇంపెల్లర్ 1 అంగుళం హోస్‌లోకి తోస్తుంది. ఈ రకం పంపులు నిమిషానికి సుమారు 12 గాలన్లు తోడతాయి. అంటే 40 గాలన్ల ట్యాంక్ మూడు నాలుగు నిమిషాల్లో ఖాళీ కావాలి. పది నిమిషాలు పట్టిందంటే, పంపు ఆగిపోకపోయినా ఏదో తేడా ఉన్నట్టే.

ఈ అమరికలో బలహీనమైనది ఆ రబ్బరు ఇంపెల్లరే. నీళ్లు లేకుండా తిరిగితే వేడికి కాలుతుంది, నెలల తరబడి తిరగకపోతే పంపు గోడకు అతుక్కుపోతుంది.

చేయి పెట్టే ముందు

నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, పాత బట్టలు వేసుకోండి. పిల్లల్ని దూరంగా పంపండి. పక్కన ఒక బకెట్, పేపర్ టవల్స్ పెట్టుకోండి. డంప్ స్టేషన్ దగ్గర ఉండే కడుగుడు నీళ్ల కుళాయి తాగడానికి కాదు. మీ తాగునీటి హోస్‌ని దానికి తగిలించకండి, ఈ పనికి వేరే హోస్ ఉండాలి. పంపు విప్పాల్సి వస్తే, స్విచ్ ఆపి ఉంచడం సరిపోదు. ఫ్యూజ్ పీకేయండి, లేదా బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేయండి. మీరు వేలు పెట్టిన సమయానికి లోపలున్నవాళ్లు ఎవరైనా స్విచ్ నొక్కితే కట్టర్‌కి చెత్తకీ వేలికీ తేడా తెలియదు.

చప్పుడే లేకపోతే

ఇది కరెంటు సమస్య. మురుగు జోలికి పోవాల్సిన పని లేదు కాబట్టి మూడింటిలో ఇదే మేలు. ఒక మల్టీమీటర్ ఉంటే చాలు.

1. బండిలో మిగతా 12 వోల్టుల లైట్లు వెలుగుతున్నాయా? అవీ లేకపోతే పంపుది తప్పు కాదు. చాలా బండ్లలో తలుపు దగ్గర బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఎవరి మోచెయ్యో తగిలి ఆఫ్ అయిపోవడం మామూలే.

2. బ్యాటరీ వోల్టేజి చూడండి. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దగ్గర, సగం ఉంటే 12.2 దగ్గర చూపిస్తుంది. అంతకంటే తక్కువుంటే ఇంజన్ స్టార్ట్ చేయండి, లేదా క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి తగిలించండి. ఆ తర్వాతే పంపు సంగతి.

3. ఫ్యూజ్. ఎక్కువ బండ్లలో 20 ఆంపియర్లది, పసుపు రంగులో ఉంటుంది. లోపలి ఫ్యూజ్ పెట్టెలో కనబడకపోతే, పంపు ఉన్న అరలో వైరు మధ్యలోనే చిన్న డబ్బాలో ఉందేమో వెతకండి. కంటికి బాగానే కనిపించినా మీటర్ పెట్టి చూడండి, కాళ్లు తుప్పు పట్టి ఉండొచ్చు. కొత్తది పెట్టగానే అదీ పోయిందంటే, పంపు ఇరుక్కుని ఉండాలి లేదా వైరు ఎక్కడో షార్ట్ అయి ఉండాలి. అప్పుడు 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజ్ పెట్టి "నడిపిద్దాం" అనుకోకండి. ఫ్యూజ్ కాలకపోతే వైరు కాలుతుంది.

4. ఫ్యూజ్ బాగుంటే పంపు వైర్ల దగ్గరికి వెళ్లండి. మీటర్ పెట్టి ఉంచి, ఇంకొకరిని స్విచ్ నొక్కమనండి. ఈ "నొక్కి ఉంచి చూడటం" ముఖ్యం. తుప్పు పట్టిన కనెక్షన్ ఖాళీగా ఉన్నప్పుడు 12.6 చక్కగా చూపిస్తుంది. మోటారు కరెంటు లాగడం మొదలుపెట్టగానే 9కో 8కో పడిపోతుంది. వోల్టేజి ఉంది కదా, పంపే పోయింది అని పొరపడి మంచి పంపులు పారేసేది ఇక్కడే.

5. నొక్కినప్పుడు 12 దాకా నిలబడితే కరెంటు చక్కగా అందుతున్నట్టే. అయినా చప్పుడు లేకపోతే మోటారే పోయి ఉండాలి. బాగా పడిపోతే కనెక్షన్లు చూడాలి. అసలేమీ చూపించకపోతే గ్రౌండ్‌ని, అంటే పంపు నుంచి చాసిస్‌కి వెళ్లే వైరుని, అనుమానించండి. మీటర్ నల్ల ముల్లుని పంపు నల్ల వైరు నుంచి తీసి, బండి చాసిస్‌లో రంగు లేని ఇనుము మీద పెట్టండి. ఇప్పుడు 12 వస్తే లోపం గ్రౌండ్ వైరుది. దాని బోల్టు విప్పి, సాండ్‌పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించండి.

6. చాసిస్ మీద పెట్టినా ఏమీ రాకపోతే స్విచ్ వెనక చూడండి. ఒక కాలి దగ్గర 12 ఉండి, నొక్కినప్పుడు రెండో కాలి దగ్గర లేకపోతే స్విచ్ పోయింది. తడి తగిలే అరలో ఉండే స్విచ్‌లు తొందరగా పోతాయి, అది పెద్ద ఖర్చు కాదు.

ఇంకోటి. పంపు కాసేపు బాగా తిరిగి హఠాత్తుగా నోరు మూసుకుందా? కొన్ని మోడళ్లలో వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అరగంట వదిలేసి చూడండి. మళ్లీ తిరిగితే మంచిదే కానీ, ఎందుకు వేడెక్కిందో కనుక్కోకుండా వదిలేయకండి.

మూలిగి ఆగిపోతే

కరెంటు వస్తోంది, మోటారు తిరగాలని చూస్తోంది, ఏదో పట్టేసింది. చలికాలమంతా బండి నిలబెట్టి వసంతంలో తీశారా? అయితే రబ్బరు ఇంపెల్లర్ గోడకు అతుక్కుని ఉంటుంది. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిందా? అయితే కట్టర్‌లో ఏదో చుట్టుకుంది.

రెండింటికీ మొదటి మందు ఒకటే. కరెంటు తీసేసి, మోటారు వెనక చివర చూడండి. చాలా మోడళ్లలో అక్కడ చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీస్తే మోటారు ఇరుసు కనిపిస్తుంది. దానికి స్క్రూడ్రైవర్ పట్టే గాడి గానీ, ఎలెన్ కీ పట్టే రంధ్రం గానీ ఉంటుంది. మెల్లగా ఒకవైపు, తర్వాత రెండోవైపు తిప్పండి. అతుక్కున్న ఇంపెల్లర్ అయితే మొదట బిగుసుగా ఉండి, టక్కున వదులుతుంది. ఆ తర్వాత రెండు మూడు పూర్తి చుట్లు తేలిగ్గా తిరిగితే మూత పెట్టేసి, ఫ్యూజ్ పెట్టి, గ్రే ట్యాంక్ వాల్వ్ తెరిచి, స్విచ్ ఒక్క సెకను నొక్కి చూడండి. చాలాసార్లు కథ ఇక్కడితో అయిపోతుంది. ఒక స్క్రూడ్రైవర్‌తో తేలే ఈ పనికి మెకానిక్‌ని పిలిపించుకుంటే గంట కూలీ, దాని మీద వచ్చినందుకు మరో బాదుడు.

కదలకపోతే బలవంతం చేయకండి, ఇరుసు విరుగుతుంది. ఇక పంపు విప్పాల్సిందే. విప్పేముందు, గేట్ వాల్వ్ మూసి ఉందంటే నమ్మేయకండి. గేట్ వాల్వ్ అంటే ఒక సన్నటి పలక. దాని గాడిలో చిన్న కాగితం ముక్క ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు. 40 గాలన్ల నీళ్లంటే 330 పౌండ్ల పైమాటే, 150 కిలోలు. ఆ బరువంతా ఆ పలక వెనక ఉంది. పైగా వాల్వ్‌కీ పంపుకీ మధ్య గొట్టంలో ఎలాగూ ఒకటి రెండు గాలన్లు నిలిచి ఉంటాయి. అందుకని డంప్ స్టేషన్ కన్నం మీదే, లేదా కింద బకెట్ పెట్టుకుని పని మొదలుపెట్టండి. పంపుని ఒక్కసారిగా లాగేయకుండా కాస్త తిప్పి వదులు చేసి ఒక నిమిషం ఆగండి. ధార సన్నబడుతూ ఆగిపోతే ముందుకి వెళ్లండి. ఆగకుండా కారుతూ ఉంటే మళ్లీ బిగించేసి, కింద చెప్పిన 3 అంగుళాల హోస్ దారి పట్టండి.

పంపు బయటికి వచ్చాక కట్టర్ వైపు టార్చి వేసి చూడండి. కనబడేవి మామూలు అనుమానితులే. తడి వైప్స్ మొదటి ముద్దాయి. ప్యాకెట్ మీద "ఫ్లషబుల్" అని రాసి ఉన్నా సరే, అవి కాగితంలా కరగవు, తాడులా పేనుకుంటాయి. తర్వాత పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్, పొడవాటి వెంట్రుకలు, డైపర్ ముక్కలు, శానిటరీ ప్యాడ్లు. వేళ్లతో లాగకండి, సన్నముక్కు ప్లయర్‌తో పట్టుకుని, చుట్టుకున్నదానికి వ్యతిరేక దిశలో తిప్పుతూ లాగండి. ఫ్లాస్ తెగి సగం లోపలే ఉండిపోతుంది, ఇరుసు చుట్టూ ఒకసారి తిప్పి చూస్తే గానీ కనబడదు.

డ్రెయిన్ క్లీనర్ యాసిడ్లు పోసి కరిగిద్దామనుకోకండి. అడ్డంకి కంటే ముందు పంపు రబ్బరు, వాల్వ్ సీళ్లు పాడవుతాయి.

తిరుగుతోంది కానీ ఏమీ కదలకపోతే

ముందు చిన్న పరీక్ష. బ్లాక్ వాల్వ్ మూసేసి, గ్రే వాల్వ్ తెరిచి, కొన్ని సెకన్లు పంపు నడపండి. గ్రే నీళ్లు జోరుగా పోతే పంపు, హోస్ రెండూ బాగున్నాయి. గొడవ బ్లాక్ ట్యాంక్‌లోనో దాని వాల్వ్‌లోనో ఉంది. గ్రే నీళ్లు కూడా పోకపోతే పంపునీ హోస్‌నీ చూడాలి. సగం పని ఈ ఒక్క పరీక్షతో తగ్గిపోతుంది.

గ్రే కూడా పోకపోతే హోస్ మొత్తం నడిచి చూడండి. చివర మూత తీయలేదేమో, టైరు కింద నలిగిందేమో, ఎక్కడో మడత పడిందేమో. దారి మూసుకుని ఉండగా పంపు నడిపితే ఒత్తిడికి హోస్ ఊడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు పక్కన నిలబడినవాళ్ల పరిస్థితి మీరే ఊహించుకోండి. హోస్ బాగుంటే ఇంపెల్లర్ అరిగి ఉండాలి, లేదా రెక్కలు తెగి ఉండాలి. అలాంటప్పుడు మోటారు చప్పుడు తేలిగ్గా, ఎప్పటికంటే సన్నగా ఉంటుంది. ఈమధ్యే ఎవరైనా వైర్లు విప్పి బిగించారా? ఎరుపూ నలుపూ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, హోస్‌లోకి పోవాల్సింది ట్యాంక్ వైపు తోస్తుంది.

బ్లాక్ ట్యాంక్‌ది మాత్రమే సమస్య అయితే మూడు చూడండి.

వాల్వ్ నిజంగా తెరుచుకుందా? కొన్ని బండ్లలో పిడికీ వాల్వ్‌కీ మధ్య పొడవాటి కేబుల్ ఉంటుంది. కేబుల్ జారితే పిడి బయటికి వస్తుంది, పలక మాత్రం కదలదు. బండి కిందికి వంగి, వాల్వ్ దగ్గరే చూడాలి.

గాలి వస్తోందా? ట్యాంక్ ఖాళీ అవుతుంటే ఆ జాగాలోకి పైకప్పు మీది వెంట్ గొట్టం నుంచి గాలి రావాలి. అందులో పక్షి గూడో కందిరీగల గూడో ఉంటే రాదు. లోపల ఒకరిని టాయిలెట్ ఫ్లష్ పెడల్ తొక్కి పట్టమనండి. వెంటనే ధార పెరిగితే వెంట్ మూసుకుపోయినట్టే. తొక్కేవాళ్లు మొహం దూరంగా పెట్టుకోవాలి, లోపలున్నదంతా హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ కలిసిన గాలి.

మూడోది టాయిలెట్ గొట్టం కింద పేరుకున్న గుట్ట. నీళ్లు తక్కువ వాడితే, లేదా క్యాంప్‌గ్రౌండ్‌లో సీవర్ (మురుగు లైను) తగిలించి బ్లాక్ వాల్వ్ రోజంతా తెరిచి ఉంచితే, నీళ్లన్నీ పోయి గట్టిది మాత్రం మిగిలి గడ్డకడుతుంది. దానికి మందు నీళ్లు, ఓపిక. వాల్వ్ మూసి, టాయిలెట్ గుండా ట్యాంక్‌ని మూడు వంతులు నింపి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు కాస్త దూరం బండి నడపండి. కుదుపులకి చాలావరకు విడిపోతుంది. ఆ తర్వాత టాయిలెట్ గుండా దించే వంగే గొట్టంతో నీళ్లు చిమ్మి కడగండి. ఇనప కడ్డీతో పొడవకండి, ట్యాంక్ ప్లాస్టిక్‌ది.

ఇక్కడ మనవాళ్లకి ఒక కలిసొచ్చే సంగతి. కాగితం బదులు నీళ్లు వాడే అలవాటు బ్లాక్ ట్యాంక్‌కి చాలా మంచిది. ట్యాంక్ త్వరగా నిండుతుంది, నిజమే, కానీ గుట్టలు కట్టవు. అదే సమయంలో మన వంట గ్రే ట్యాంక్‌కి అంత మంచిది కాదు. పోపు నూనె, అన్నం మెతుకులు, కరివేపాకు, చింతపండు పిప్పి సింకులో వదిలితే గొట్టాల్లో జిడ్డు పేరుకుంటుంది. గిన్నెలు కడిగే ముందు టిష్యూతో తుడిచి చెత్తలో వేయండి.

ఇంపెల్లర్ మార్చాలంటే

మీ మోడల్‌కి సరిపోయే రిపేర్ కిట్ కొనండి. అందులో ఇంపెల్లర్‌తో పాటు సీళ్లు, గాస్కెట్లు కూడా వస్తాయి. విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ముందు మూత స్క్రూలు, తర్వాత కట్టర్, దాని వెనక పలక, ఆ తర్వాత ఇంపెల్లర్. పాత దాని రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ తెగిన ముక్క లోపలే ఎక్కడో ఉంది, వెతికి తీయండి. కొత్తదానికి సిలికాన్ గ్రీజు పలచగా రాసి, పాత ఫోటోలో రెక్కలు ఏవైపు వంగి ఉన్నాయో అటే వంచుతూ తిప్పి దూర్చండి. పెట్రోలియం జెల్లీ లాంటివి కొన్ని రకాల రబ్బర్లని ఉబ్బిస్తాయి, వాడకండి.

పంపుకీ మోటారుకీ మధ్య సందులోంచి చుక్కలు కారుతుంటే ఇరుసు సీల్ పోయింది. ఆ నీళ్లు మోటారులోకి పోయి బేరింగులు తుప్పు పట్టేశాయా అన్నది చూడండి. కరకరమని తిరుగుతుంటే కిట్ డబ్బులు దండగ, పంపే మార్చేయండి.

ఇవాళ ట్యాంక్ ఖాళీ చేయక తప్పకపోతే

3 అంగుళాల హోస్ ఒకటి బండిలో ఎప్పుడూ ఉంచుకోండి. చాలా అమరికల్లో పంపుని తిప్పి తీసేసి, అదే మూతికి ఈ హోస్ తగిలించొచ్చు. పంపు శాశ్వతంగా బిగించిన వాటిలో కూడా సాధారణంగా పక్కన ఒక అత్యవసర మూతి ఉంటుంది. హోస్‌ని డంప్ కన్నం దాకా వాలుగా పరిచి, ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలండి. గ్రే నీళ్లే హోస్‌ని కడుగుతాయి. ఇది డంప్ స్టేషన్‌లో గానీ సీవర్ ఉన్న క్యాంప్‌సైట్‌లో గానీ చేయాల్సిన పని. రోడ్డు పక్కన, వాన నీటి కాలువలో వదలడం చట్టవిరుద్ధం. యెల్లోస్టోన్ లాంటి చోట ముందే ప్లాన్ వేసుకోవాలి. అక్కడ నీళ్లు, సీవర్, కరెంటు మూడూ సైట్‌లోనే ఉండేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ ఒక్కదాంట్లోనే.

పని అయ్యాక కింద చిందినదాన్ని ముందు మామూలు నీళ్లతో, సబ్బుతో శుభ్రంగా కడగండి. ఆ తర్వాతే బ్లీచ్, గాలన్ నీళ్లకి 5 టేబుల్‌స్పూన్లు. మూత్రంలోంచి వచ్చే అమోనియా మీద నేరుగా బ్లీచ్ పోస్తే విషవాయువు వస్తుంది.

పంపు బాగయ్యాక ఒక అలవాటు చేసుకోండి. ట్యాంక్ ఖాళీ అవుతుండగా చప్పుడు మారుతుంది, బరువైన గొంతు సన్నబడుతుంది. అది వినగానే ఆపేయండి. ఫోన్ చూసుకుంటూ దూరంగా నిలబడితే ఇంపెల్లర్ పొడిగా తిరుగుతుంది. చలికాలానికి బండి నిలిపేముందు పంపులోంచి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) కొంచెం పోనివ్వండి. నిలబెట్టి ఉంచిన నెలల్లో అప్పుడప్పుడూ గ్రే ట్యాంక్‌లో కాసిని నీళ్లు పోసి రెండు సెకన్లు తిప్పితే ఇంపెల్లర్ అతుక్కోదు.

అద్దె బండి అయితే మాత్రం ఫ్యూజ్, హోస్, వాల్వ్ చూడటం వరకే మీ పని. పంపు విప్పకండి. ముందు యజమానికి ఫోన్ చేసి, ఏం వినిపించిందో, మీటర్ ఏం చూపించిందో చెప్పండి. వాళ్లు విప్పమంటే ఆ మాట మెసేజ్‌లో రాయించుకుని, విప్పేముందు ఫోటోలు తీసి ఉంచుకోండి.